ఎడమ వైపు కింది రెక్క

హ్యాంగర్‌లో నిప్పు వెలిగించకూడదు. విమానాలు నిలిపే షెడ్డు, పెట్రోలు వాసన గోడలకు పట్టి ఉండే చోటు. అందుకని రాజేశ్వరి గారు కర్పూరం పొట్లాన్ని చేతిసంచిలోనే ఉంచేసి, పళ్లెంలో పసుపు, కుంకుమ, నాలుగు చేమంతులు, ఒక కొబ్బరికాయ, వాటి నడుమ వెలుగుతున్న టార్చిలైటు పెట్టుకుని విమానానికి హారతి ఇచ్చారు. ముందు ప్రొపెల్లర్ దగ్గర మూడుసార్లు తిప్పారు. తర్వాత కుడి రెక్కలకు. ఎడమ వైపుకు వచ్చి, మోకాలి కన్నా కాస్త ఎత్తులో ఉండే కింది రెక్క దగ్గర పళ్లెం దించారు. రెక్క మీద బిగించిన గుడ్డను టార్చి వెలుగు పక్కనుంచి రాసుకుంటూ పోయింది. ఆవిడ చెయ్యి ఆగింది.

"అన్నా, గీడ బట్ట గుంజుకపోయినట్టు లేదా?"

అడిగింది నన్ను. ఆవిడ కోడలు స్రవంతి పక్కనే కొనుగోలు ఒప్పందం పట్టుకుని నిలబడి ఉంది. జర్మనీలోని వాల్‌డార్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆరేళ్లుగా సెలవు రోజులన్నీ విమానాల దగ్గర. సంతకానికి పెట్టుకున్న ముహూర్తం పది ఇరవై. ఇంకా ఏడు నిమిషాలుంది. సంతకం కాగానే ఆమె ఒక్కతే పైకి వెళ్లాలి. ఒక చుట్టు తిరిగి, మబ్బులు లేకపోతే గాల్లో నిలువుగా గుండ్రం తిరిగే లూప్ ఒకటి కొట్టి దిగాలి. అత్తగారు కింద నిలబడి ఫోన్‌లో వీడియో తీయాలి. అదీ ఆనాటి ఏర్పాటు.

ముందురోజు నాలుగు గంటలు ఆ విమానాన్ని తనిఖీ చేసి "బాగుంది, తీసుకోమ్మా" అని చెప్పినవాణ్ణి నేనే.

"ఎక్కడండీ?" అని వంగాను.

"గీ నిలువు కమ్మి కాడికెల్లి అటు ఏటవాలుగ. చెయ్యి పెట్టకు, లైటు పెట్టి సూడు. నేను హన్మకొండల ఇరవై ఏండ్లు బ్లౌజులు కుట్టిన. లోపల అస్తరు జరిగితేనే పై బట్ట ఇట్ల గుంజుతది."

టార్చి తీసుకుని రెక్కకు సమాంతరంగా పట్టాను. కనబడింది. వెంట్రుకంత ముడత. పైనున్న ట్యూబులైట్ల వెలుగులో అది ఉండదు. పక్క వెలుగులో ఉంది.

"పూజ ఒక్క పది నిమిషాలు ఆపుదాం" అన్నాను.

విమానం అమ్ముతున్న హెర్ లాంగె గడియారం చూసుకున్నాడు. ముహూర్తం గురించి స్రవంతి ఆయనకు ముందే చెప్పింది. జర్మన్లకు టెర్మిన్, ముందే ఖాయం చేసుకున్న వేళ, అంటే అర్థమవుతుంది కాబట్టి ఆయన దాన్ని అలాగే తీసుకున్నాడు. పది ఇరవైకి టెర్మిన్ ఉంటే పది ఇరవైకి జరగాలి. "ఏమన్నా సమస్యా?" అని జర్మన్‌లో అడిగాడు.

"తెలియదు. మీ దగ్గర పదునైన చాకు ఉందా?"

చూసింది, విన్నది

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం రాస్తున్నాను. చిన్న విమానం కొనాలనుకునేవాళ్లు కొనేముందు మనలాంటివాణ్ణి పిలుస్తారు. మనం వెళ్లి చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఉద్యోగ వర్ణన ఇంతే. ఇందులో నేను ముప్ఫయ్యేళ్లకు పైగా పనిచేశాను. ఏ పరీక్షలు రాయాలి, ఏ లైసెన్సు ఎలా వస్తుంది అన్నవి మీకు వేరేవాళ్లు చెబుతారు.

జర్మనీకి రాకముందు రెండేళ్లు ఒంగోలులో ఒక దినపత్రికకు విలేకరిగా పనిచేశాను. అక్కడి డెస్క్ ఇన్‌చార్జి నా వార్తల్లో ప్రతి వాక్యం పక్కనా ఎర్ర పెన్నుతో ఒక ప్రశ్న రాసేవాడు: "నువ్వు చూశావా, ఎవరన్నా చెప్పారా?" ప్రమాదంలో బస్సు బోల్తా పడిందని రాస్తే, అది పడి ఉండగా చూశావా, లేపిన తర్వాత వెళ్లావా అని అడిగేవాడు. అప్పట్లో చిరాకు పడేవాణ్ణి. తర్వాత విమానాల పనిలోకి వచ్చాక నా నోటు పుస్తకంలో ప్రతి పేజీని నిలువుగా రెండు చేసి, ఒక వైపు "చూసింది" అని, రెండో వైపు "విన్నది" అని రాసుకోవడం మొదలుపెట్టాను. ఇంజను తెరిచి చూస్తే మొదటి వరుసలోకి. "ఇంజను బ్రహ్మాండం" అని యజమాని చెబితే రెండో వరుసలోకి. సాయంత్రానికి ఏ వరుస పొడవుందో చూస్తే ఆ రోజు ఎంత పని చేశానో తెలిసేది.

నాకు పని నేర్పిన పెద్ద మెకానిక్, మైస్టర్ హోల్గర్‌ది ఇంకో పద్ధతి. ఆయన విమానం లాగ్‌బుక్‌ను చివరికి గానీ ముట్టేవాడు కాదు. అందులో ప్రతి మరమ్మతూ, ప్రతి దెబ్బా, ఎవరు బాగు చేశారో సంతకంతో సహా ఉండాలి. అందరూ ముందు దాన్నే తెరుస్తారు. హోల్గర్ దాన్ని ఆఫీసు అలమరలో పెట్టి తాళం వేసేవాడు.

"ముందు చదివితే పుస్తకంలో ఉన్నదే విమానంలో కనబడుతుంది" అనేవాడు. "ముందు విమానం చూడు. తర్వాత పుస్తకం చూడు. రెండూ ఒకటే చెబితే ఇంటికెళ్లు. చెప్పకపోతే కాఫీ పెట్టు, ఆలస్యమవుతుంది."

మనిషి మాట కరుకు. నేను రాసిన మొదటి నివేదికను పది మంది ముందు పైకి చదివి, "ఇది కవిత్వం, మేకులు ఎక్కడ?" అన్నాడు. ఆయన కింద తొమ్మిదేళ్లు పనిచేశాను. ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. అది సరైన పద్ధతి అని నేను అనను. ఆయన దగ్గర పని మానేసిన ఇద్దరు నాకన్నా మంచి పనివాళ్లు. కానీ తాళం వేసిన అలమర విషయంలో ఆయనదే ఒప్పు.

ఎందుకు కొంటున్నావు

బైప్లేన్ అంటే ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలు, పై రెక్కనూ కింది రెక్కనూ కలుపుతూ నిలువు కమ్ములు ఉన్న విమానం. విన్యాసాలకు వాడేవి చాలా చిన్నవి. ఉక్కు గొట్టాల చట్రం, చెక్క రెక్కలు, వాటి మీద బిగించి రంగు వేసిన గుడ్డ. తలకిందులుగా ఎగరగలవు, గిరగిరా తిరగగలవు. చూస్తే బొమ్మలా ఉంటాయి. సగం మంది ఆ బొమ్మను చూసే కొంటారు.

ఎర్లాంగెన్‌లో ఒక తెలుగు డాక్టరు గారు ఉండేవారు. చాలా ముందే ఇక్కడికి వచ్చి స్థిరపడిన మనిషి. ఫోటో చూసి ఎర్ర బైప్లేన్ ఒకటి మనసులో ఖాయం చేసుకుని, నన్ను తీసుకెళ్లారు. నేను ఇంజను మూత తెరవబోతుంటే ఎందుకో అనుమానం వచ్చి, "ముందు ఒకసారి ఎక్కి కూర్చోండి సార్" అన్నాను. కూర్చున్నారు. మోకాళ్లు కంట్రోల్ కర్రకు రెండు వైపులా తగిలాయి. కర్రను ఎడమకు తిప్పమంటే కాలు తీయాలి, కాలు తీస్తే పెడల్ వదలాలి.

"కొంచెం సన్నబడితే సరిపోతుందా?" అన్నారు.

"ఎముక సన్నబడదు కదండీ."

డాక్టరు గారు చాలాసేపు నవ్వారు. దిగడానికి నేనూ, అమ్మేవాడూ సాయం పట్టాల్సి వచ్చింది. ఆ రోజు తనిఖీ పది నిమిషాల్లో అయిపోయింది. నేను చేసిన మంచి తనిఖీల్లో అదొకటి.

అప్పటి నుంచి కొనేవాళ్లను మూడు అడిగేవాణ్ణి. కూర్చుంటే సరిపోతున్నావా? ఎక్కడ దింపుతావు? దీనితో ఏం చేస్తావు? రెండో ప్రశ్న చాలామంది ఆలోచించరు. ఈ చిన్న బైప్లేన్లలో దిగేటప్పుడు ముక్కు పైకి లేచి ముందున్న రన్‌వేను పూర్తిగా కప్పేస్తుంది. పక్కల నుంచి చూస్తూ దింపాలి. కాస్త ఏమరితే నేల మీదే బొంగరంలా తిరిగి ఒక రెక్క చివర గడ్డికి కొట్టుకుంటుంది. ఇది జరగని విమానం అరుదు. కాబట్టి దెబ్బ తగిలిందని భయపడొద్దు. తగిలిన దెబ్బ పుస్తకంలో లేకపోతే భయపడాలి.

స్రవంతి ఈ మూడింటికీ చక్కగా సమాధానం చెప్పింది. పొట్టి మనిషి, సీటులో సరిగ్గా సరిపోయింది. అలాంటి విమానాన్నే అద్దెకు తీసుకుని, పక్కన శిక్షకుడితో వందకు పైగా సార్లు దింపింది. మూడో ప్రశ్నకు ఆమె జవాబు ఇది.

"పోటీలకు పోతా అంకుల్. గెల్వనీకి కాదు. ఆఫీసుల రోజంతా ఇంకొకరి తప్పులు దిద్దుతా. పైకి పోతే తప్పైనా ఒప్పైనా నాదే."

"ఇంట్లో ఏమంటున్నారు?"

"మా ఆయన కిరణ్ ఏమనడు. అత్తమ్మే ముహూర్తం పెట్టించింది. పెట్టించినంక ఇంక కాదంటదా?"

అప్పుడే నేను అడగాల్సింది. ముహూర్తం ముందా, తనిఖీ ముందా అని. అడగలేదు. మన ఇళ్లలో కారు కొన్నా, స్థలం కొన్నా వరస ఇదే కదా. మంచి రోజు చూసుకుని, ఆ రోజుకు పనులన్నీ అందేలా పరిగెత్తడం. నాకు కూడా అది కొత్తగా అనిపించలేదు. అదే ఇబ్బంది. జర్మన్ కొనుగోలుదారు ఎవరైనా "ఫలానా రోజు ఫలానా నిమిషానికి సంతకం చేసి తీరాలి" అని ఉంటే "తనిఖీ అయ్యాక తేదీ పెట్టుకో" అని ముఖం మీదే చెప్పేవాణ్ణి. మనవాళ్లు అనేసరికి తలూపాను.

ముందురోజు మధ్యాహ్నం

విమానం చూడడానికి శుభ్రంగా ఉంది. రెండు సీట్లది, తెలుపు మీద నీలం చారలు. హెర్ లాంగె రిటైరైన బడి పంతులు. దాన్ని నాలుగేళ్ల కిందట కొన్నాడు. నడుము నొప్పితో విన్యాసాలు మానేశాడు, ఇప్పుడు అమ్ముతున్నాడు. స్రవంతిని ఒకసారి ఎక్కించుకుని తిన్నగా తిప్పి దింపాడు. మర్యాదస్తుడు. నా కోసం బల్ల మీద కేకు, కాఫీ పెట్టి ఉంచాడు.

ఇంజను చూశాను. బాగుంది. చట్రం గొట్టాలు చూశాను. పై రెక్కలు, కుడి వైపు కింది రెక్క తెరిచి, గొట్టం కెమెరాతో లోపల చూశాను. ప్రతి రెక్క లోపలా ఈ చివరి నుంచి ఆ చివరికి రెండు చెక్క దూలాలుంటాయి. స్పార్లంటాం. రెక్క మోసే బరువంతా వాటి మీదే. విన్యాసాల్లో ఆ బరువు ఐదారింతలవుతుంది. స్పార్ పోతే రెక్క పోతుంది, రెక్క పోతే మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే రెక్క కింద అక్కడక్కడా గుండ్రటి చిన్న మూతలుంటాయి. అవి తీసి లోపలికి చూడాలి.

ఎడమ వైపు కింది రెక్కలో, చివరి అరకున్న మూత మీదుగా రంగు వేసేశారు. దాన్ని తీయాలంటే చుట్టూ చాకుతో కోయాలి. కోస్తే రంగు పెచ్చులూడి, రూపాయి బిళ్లంత మచ్చ పడుతుంది.

"నేను కొన్నప్పుడే అలా ఉంది" అన్నాడు లాంగె. "ఆ రెక్కకు కొత్త గుడ్డ వేసి రంగు కొట్టారట. లోపల అంతా బాగానే ఉందని అప్పటి యజమాని చెప్పాడు. కావాలంటే కోయండి."

స్రవంతి అప్పుడే వచ్చింది. "అంకుల్, రేపు ఫోటోలున్నయ్. ఊర్ల అందరు చూస్తరు. తర్వాత కోద్దామా?"

తప్పు ఆమెది కాదు. ఆమె అడిగింది, అడగొచ్చు. ఆయన కోయమన్నాడు కూడా. కొత్త బండి మీద పూజకు ముందే గీత పెట్టడం నాకే మనసొప్పలేదు. బాగుందని నేనే అనుకున్నాను. నోటు పుస్తకంలో "ఎడమ కింది రెక్క, చివరి అర: బాగుంది" అని రాశాను. ఇంటికొచ్చాక గానీ, అంటే మరునాడు అంతా అయిపోయాక గానీ, ఆ పేజీ తిరగేసి చూడలేదు. ఆ వాక్యం "చూసింది" అన్న వరుసలో ఉంది.

అన్నేళ్లలో నేను చేసిన తప్పులు చాలానే ఉన్నాయి. తెలియక చేసినవి క్షమించుకున్నాను. ఇది తెలిసి చేసింది.

చాకు

లాంగె చాకు తెచ్చాడు. మూత చుట్టూ కోశాను. నీలం రంగు పెచ్చులు హ్యాంగర్ నేల మీద రాలాయి. స్రవంతి కాగితాలు పక్కన పెట్టి నా పక్కన కూర్చుంది. రాజేశ్వరి గారు టార్చి పట్టుకున్నారు.

కెమెరా లోపలికి తోశాను. చిన్న తెర మీద చెక్క కనబడింది. పొడవునా నిండుగా నార గీతలు, తేనె రంగు. నిలువు కమ్మి బిగించిన చోటుకు నాలుగు వేళ్ల అవతల, ఆ గీతలకు అడ్డంగా ఇంకో గీత ఉంది. పెన్సిలుతో గీసినట్టు.

చెక్కలో పొడవునా గీతలుండడం సహజం. అడ్డంగా గీత ఉండడం సహజం కాదు. ఎప్పుడో రెక్క చివర నేలకు కొట్టుకుంది. దూలం ఒక పక్క నలిగి, లోపలి నారలు తెగాయి.

"ఇది గీతనా, పగులా?" అంది స్రవంతి.

"పగులు."

"లూప్ కొడితే?"

"మొదటిదానికే పోతుందో, యాభయ్యోదానికి పోతుందో నేను చెప్పలేను. పోతుంది."

ఆమె లేచి బయటికి వెళ్లి, గడ్డి రన్‌వే అంచున కాసేపు నిలబడింది. గోడ గడియారంలో పది ఇరవై దాటి వెళ్లిపోయింది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

నేను లాంగె వైపు తిరిగాను. ఆయన స్టూలు మీద కూర్చుని తెర వైపే చూస్తున్నాడు. "నేను దీనితో రెండేళ్లు లూప్‌లు కొట్టాను" అన్నాడు. "మా మనవరాలిని ఎక్కించాను." మనిషి రంగు మారిపోయింది. ఆయన మీద నాకున్న అనుమానం అక్కడితో పోయింది. ఆయన దాచలేదు. ఆయనకు తెలియదు. నేను రెండు కప్పుల కాఫీ పోశాను, ఒకటి ఆయన చేతికిచ్చాను.

స్రవంతి తిరిగి వచ్చేసరికి కళ్లు తుడుచుకుని ఉంది, ముఖం తేటగా ఉంది. అత్తగారు పళ్లెం సర్దుతున్నారు.

"అత్తమ్మా, ముహూర్తం పాయె" అంది.

"యాడికి పాయె? ఆ టైముకు దొరకాల్సింది దొరికింది గద. ఇగ కొబ్బరికాయ గా ముసలాయనకియ్యి, పాపం గజగజ వణుకుతుండు."

స్రవంతి నవ్వింది. ముందు సన్నగా, తర్వాత ఆపుకోలేక. నాకూ నవ్వొచ్చింది. నేనూ ఒక స్టూలు వెతుక్కున్నాను.

"నిన్ననే కోయాల్సింది" అని ఆమెతో అన్నాను. "నా తప్పు. బాగుందని చూడకుండా చెప్పాను."

"నేనే కదా అంకుల్ ఫోటోలన్నది."

"నువ్వు అడుగుతావు. కాదనడమే నా పని."

ఆమె ఒప్పుకోలేదు, వాదించనూ లేదు. "సరే, మళ్లొకటి చూద్దాం. ఈసారి మీరు కోసినంకనే ఫోటోలు" అంది. మర్నాడు నేను లిఖితంగా నివేదిక రాసి, మొదటి పేజీలోనే నా పొరపాటు పెట్టాను. నివేదిక చదివేవాడికి పగులు ఎంత ముఖ్యమో, తనిఖీ చేసినవాడు దాన్ని ఎందుకు చూడలేదో కూడా అంతే ముఖ్యం. మీరూ అలాగే రాయండి. పని పోదు. నాకు పోలేదు.

ఆ తర్వాత

తొమ్మిది నెలలకు స్రవంతి ఇంకో బైప్లేన్ కొంది. మధ్యలో మూడు చూసి వదిలేశాం. ఒకదాని యజమాని మూతలు తీయనివ్వలేదు, వెంటనే వెనక్కి వచ్చేశాం. నాలుగోదానికి ఉన్న మూతలన్నీ తెరిచాను. టార్చి పక్కనుంచి పట్టి ప్రతి రెక్క అంగుళం అంగుళం చూశాను. ఆ అలవాటు నాకు ఒక దర్జీ నేర్పింది, హోల్గర్ కాదు. నివేదిక చేతికొచ్చిన తర్వాతే హన్మకొండలో పురోహితుడికి ఫోన్ చేసి ముహూర్తం అడిగారు. మంచి ఎండ రోజు వచ్చింది. ఆమె లూప్ కొట్టి దిగేదాకా నేను రన్‌వే పక్కనే ఉన్నాను. రిటైరయ్యే ముందు అదే నా చివరి తనిఖీ. ఆ సాయంత్రం పనిముట్ల పెట్టె మూసి ఇంటికి వెళుతూ హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

లాంగె తన విమానాన్ని మళ్లీ ఎవరికీ అమ్మజూపలేదు. ఎడమ వైపు కింది రెక్క విప్పి, గుడ్డ పూర్తిగా తీసి, దూలం బయటికి తీయించాడు. నన్ను పిలిస్తే వెళ్లి చూశాను. పగులు చూపుడు వేలంత పొడవుంది. అందులో సగం తెల్లగా, కొత్తగా ఉంది. అది ఎగరడంలో సాగింది. మిగతా సగంలోకి వార్నిష్ దిగి గట్టిపడి ఉంది.

చెక్కకు వార్నిష్ పూస్తారు, ఆ తర్వాతే గుడ్డ కప్పుతారు. అంటే కప్పినవాడి కళ్ల ముందు ఆ పగులు ఉంది.

ఈ విమానం లాగ్‌బుక్‌లు మూడు. మూడూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. రెక్క నేలకు తగిలినట్టు ఎక్కడా లేదు. గుడ్డ మార్చినట్టు ఒకే ఒక వాక్యం ఉంది. దాని కింద సంతకం లేదు. లాంగెకు అమ్మిన మనిషి చనిపోయాడు. అంతకుముందు యజమాని తనకేమీ తెలియదంటున్నాడు. ఆ రెక్కకు వార్నిష్ పూసిన చేతులు ఇంకా ఎన్ని రెక్కలకు గుడ్డ కప్పాయో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.